పావు మైలు... పదివేల చుట్లు!

1973వ సంవత్సరంలో రెండు సినిమాలొచ్చాయి. ఒకటి మన బొంబాయిది, రెండోది అమెరికాది. మొదటిది రాజ్ కపూర్ ‘బాబీ’. రెండోది జార్జ్ లూకాస్ ‘అమెరికన్ గ్రాఫిటీ’. రెండూ కుర్రకారు సినిమాలే. రెండూ డబ్బు కురిపించినవే. రెండింట్లోనూ హీరో హీరోయిన్లతో పాటు పేరు కొట్టేసింది మాత్రం... బండి!

‘బాబీ’లో రిషి కపూర్, డింపుల్ కలిసి తిరిగిన ఆ చిన్న చక్రాల మోటార్ సైకిల్ అసలు పేరు రాజ్‌దూత్ జీటీఎస్ 175. ఆ పేరు ఎవరికి గుర్తుంది చెప్పండి? దేశమంతా దాన్ని ‘బాబీ బండి’ అనే పిలిచింది. ఇక ‘అమెరికన్ గ్రాఫిటీ’ సంగతి. కథ జరిగేది 1962లో, ఒక్క రాత్రిలో. జాన్ మిల్నర్ అనే కుర్రాడికి పసుప్పచ్చ ఫోర్డు కారుంది. ఊళ్ళో అందరికన్నా వేగంగా పోతాడని పేరుంది. తెల్లవారుజామున ఊరవతల రోడ్డు మీద ఇంకో కుర్రాడు నల్ల షెవర్లే వేసుకొచ్చి సవాలు చేస్తాడు. ఆ రెండోవాడు ఎవరనుకున్నారు? అప్పటికింకా ఎవరికీ పెద్దగా తెలియని హారిసన్ ఫోర్డ్! ఆ నల్ల షెవర్లే కూడా కొత్త నటి కాదండోయ్. 1971లో వచ్చిన ‘టూ లేన్ బ్లాక్‌టాప్’ అనే రేసుల సినిమాలో అప్పటికే నటించి వచ్చింది.

ఇప్పుడీ పాత ముచ్చట్లు దేనికంటారా? ఉత్తరం వచ్చింది. నూజివీడు నుంచి ఒక డిగ్రీ కుర్రాడు రాశాడు. సారాంశం ఇదీ: “అన్నయ్యా! మా బాబాయిది పాత యమహా ఆరెక్స్ 100 ఉంది. పాకలో మూలన పడి ఉంటే నాకిచ్చేశాడు. దాన్ని బోరు చేయించి, సైలెన్సరు మార్పించి డ్రాగ్ రేసు బండిగా చేద్దామనుకుంటున్నాను. మావాళ్ళు ఆదివారాలు ఊరవతల రోడ్డు మీద పందేలు వేసుకుంటారు. వంద సీసీ బండితో పెద్ద బండ్లని కొట్టొచ్చంటారు, నిజమేనా? మీరు సినిమావాళ్ళ బండ్ల గురించి రాస్తుంటారు గదా, దీని గురించి కూడా రాయండి.”

తమ్ముడూ! నీ ఉత్తరంలో ప్రశ్న ఒకటే కనిపిస్తున్నా, ఉన్నవి రెండు. చిన్న ఇంజిను పెద్దదాన్ని కొట్టగలదా అన్నది మొదటిది. ఆ పందెం ఎక్కడ వేయాలి అన్నది రెండోది. రెండింటికీ జవాబు చెబుతాను. కాస్త ఓపిగ్గా చదువు.

అసలు డ్రాగ్ రేసంటే?

మలుపుల్లేవు, చుట్లు తిరగడాల్లేవు. తిన్నగా ఒక దారి. ఈ చివర ఒక గీత, ఆ చివర ఒక గీత. మధ్యన పావు మైలు, అంటే 402 మీటర్లు. ఇద్దరు పక్కపక్కన నిలబడతారు. దీపం పచ్చగా మారగానే ఇద్దరూ దూకుతారు. ముందు ఎవరు దాటితే వాళ్ళు గెలిచినట్టు. మన సంక్రాంతి ఎడ్ల పందేల్లాంటిదే ననుకోండి. కాకపోతే ఇక్కడ మొత్తం కథ పది పదిహేను సెకన్లలో అయిపోతుంది. ఇంటర్వెల్ లేని సినిమా!

ఇది పుట్టింది అమెరికాలో. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక కుర్రాళ్ళు పాత ఫోర్డు కార్లు చవగ్గా కొని, మడ్‌గార్డులు పీకేసి, ఇంజిన్లు మార్చి వీధుల్లో పందేలు వేసేవాళ్ళు. చచ్చేవాళ్ళు చచ్చారు, జైలుకెళ్ళేవాళ్ళు వెళ్ళారు. అప్పుడు కొందరు పెద్దమనుషులు ఒక ఆలోచన చేశారు. “వీళ్ళని మానమంటే మానరు. చోటు చూపిద్దాం” అన్నారు. 1950లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో ఒక విమానాశ్రయం రన్‌వే మీద డ్రాగ్ రేసులు మొదలయ్యాయి. మరుసటి ఏడు 1951లో వాలీ పార్క్స్ అనే ఆయన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టాడు. తనిఖీ చెయ్యని బండి గీత దగ్గరికి రాకూడదు, హెల్మెట్ లేని మనిషి బండి ఎక్కకూడదు అని నిబంధనలు రాశారు. 1963లో జెండా ఊపే మనిషి స్థానంలో దీపాల స్తంభం వచ్చింది. రంగురంగుల దీపాలుంటాయి కాబట్టి దానికి ‘క్రిస్మస్ ట్రీ’ అని ముద్దుపేరు.

ఆనాటి కార్లనీ, మోటార్ సైకిళ్ళనీ ఆనాటి పద్ధతిలోనే మళ్ళీ బాగుచేసి పరుగెత్తించడం ఇప్పుడొక పెద్ద సరదా. దాన్నే వింటేజ్ డ్రాగ్ రేసింగ్ అంటున్నారు. అమెరికావాళ్ళకి 1955 షెవర్లే ఎలాగో మనవాళ్ళకి ఆరెక్స్ 100 అలాగ.

చిన్నవాడి బలం ఎక్కడుంది?

ఇంజిను బలం రెండింటి మీద ఆధారపడుతుంది. ఒక్కో చుట్టులో ఎంత గట్టిగా తోస్తుంది, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంది. రెండూ హెచ్చవేస్తే వచ్చేదే హార్స్ పవర్. పెద్ద ఇంజిను ఒక్కో తోపు గట్టిగా తోస్తుంది. చిన్నదానికి అంత శక్తి లేదు. మరేం చెయ్యాలి? ఎక్కువసార్లు తొయ్యాలి! అందుకే చిన్న ఇంజిన్ల కథంతా చుట్ల కథే.

అమెరికాలో కూడా ఇదే జరిగింది. 1955లో షెవర్లే వాళ్ళు తెచ్చిన వి-8 ఇంజినులో పిస్టను ప్రయాణం మూడంగుళాలే. పొట్టి ప్రయాణం కాబట్టి ఎక్కువ చుట్లు తిరిగేది. ఆ చిన్న ఇంజిను కుటుంబంతోనే 1972లో బిల్ జెన్‌కిన్స్ అనే ఆయన వేగా అనే బుల్లి కారు తయారుచేసి, ప్రో స్టాక్ పందేల్లో కండలు తిరిగిన పెద్ద ఇంజిన్లని వరసగా మట్టి కరిపించాడు. చిన్న ఇంజినుకి తక్కువ బరువు చాలని అప్పుడే వచ్చిన నిబంధన ఆయనకి కలిసొచ్చింది.

ఇప్పుడు మన బండి లెక్క చూద్దాం. భయపడకండి, ఎనిమిదో తరగతి లెక్కే!

ఆరెక్స్ 100 సిలిండరు వెడల్పు 50 మిల్లీమీటర్లు, పిస్టను ప్రయాణం 50 మిల్లీమీటర్లు. 98 సీసీ. కంపెనీ చెప్పిన బలం 7,500 చుట్ల దగ్గర 11 హార్స్ పవర్. ఒక చుట్టులో పిస్టను కిందికీ పైకీ కలిపి పది సెంటీమీటర్లు నడుస్తుంది. మరి దీన్ని పదివేల చుట్లు తిప్పితే? నిమిషానికి ఒక కిలోమీటరు! ఆ కిలోమీటరు తిన్నగా నడిచేది కాదు. పైన ఒకసారి ఆగి, కింద ఒకసారి ఆగి, నిమిషంలో ఇరవై వేలసార్లు ఆగి మళ్ళీ బయల్దేరాలి. మన ఆర్డినరీ బస్సు కూడా అన్ని స్టాపుల్లో ఆగదు!

పైన ఆగిన ప్రతిసారీ పిస్టను మీద పడే లాగుడు ఎంతో తెలుసా? పదివేల చుట్ల దగ్గర దాని బరువుకి మూడు వేల రెట్లకు పైనే. పిస్టను బరువు వంద గ్రాములనుకుంటే మూడు క్వింటాళ్ళ పైచిలుకు. మూడు క్వింటాళ్ళ చిన్నరసాల బుట్టల్ని ఆ సన్నపాటి కనెక్టింగ్ రాడ్డుకి వేలాడదీసినట్టు. అదీ సెకనుకి నూట అరవైయారు సార్లు!

ఇంకో కిటుకు వినండి. చుట్లు పెరిగితే ఈ లాగుడు వరసగా పెరగదు, వర్గంగా పెరుగుతుంది. 7,500 నుంచి 10,500కి వెళ్ళామనుకోండి. చుట్లు పెరిగింది 1.4 రెట్లు. రాడ్డు మీద భారం మాత్రం దాదాపు రెట్టింపు. అంచేత ‘ఇంకాస్త తిప్పుదాం’ అన్నమాట నోటితో అనడం తేలిక, ఇనుముకి కష్టం. పాత బుల్లెట్ 350లో పిస్టను ప్రయాణం 90 మిల్లీమీటర్లు. దాన్ని పదివేల చుట్లు తిప్పమంటే అది దండం పెట్టేస్తుంది. పొట్టివాడికి పుట్టు గట్టి అన్నట్టు, ఈ పని పొట్టి ప్రయాణం ఉన్న ఇంజినుకే చెల్లింది. 1966లో హోండా వాళ్ళ 50 సీసీ రేసు బండికి రెండు సిలిండర్లు! ఒక్కో పిస్టను రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దది. అది నిమిషానికి ఇరవై వేల చుట్లు దాటి తిరిగేది.

గేటు దగ్గర గేట్ కీపరు

ఆరెక్స్ 100 టూ స్ట్రోక్ ఇంజిను. మామూలు ఫోర్ స్ట్రోక్ రెండు చుట్లకోసారి మండితే, ఇది ప్రతి చుట్టుకీ మండుతుంది. తొమ్మిది వేల చుట్ల దగ్గర సెకనుకి నూట యాభైసార్లు! ఆ ‘కీఁయ్’మనే అరుపు అదే.

కానీ దీనికో జబ్బుంది. కాలిన పొగ బయటికి పోయే దారీ, కొత్త పెట్రోలు గాలి లోపలికొచ్చే దారీ కొంతసేపు రెండూ తెరిచే ఉంటాయి. కొత్త సరుకు కొంత పొగతో పాటు బయటికి జారిపోతుంది. దీనికి మందు కనిపెట్టినవాళ్ళలో అగ్రగణ్యుడు తూర్పు జర్మనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్. ఎం.జెడ్. అనే మోటార్ సైకిళ్ళ ఫ్యాక్టరీలో రేసు విభాగానికి పెద్ద. చేతిలో డబ్బు లేదు, మంచి లోహం దొరకదు. బుర్ర మాత్రం ఉంది. ఆయన దృష్టి సైలెన్సరు గొట్టం మీద పడింది. పొగ గుప్పున బయటికి పోయేటప్పుడు దానితోపాటు ఒక ఒత్తిడి అల వెళుతుంది. గొట్టాన్ని మధ్యలో లావుచేసి చివర్లో సన్నం చేస్తే, ఆ అల అక్కడ తగిలి తిరిగొస్తుంది. వచ్చి, బయటికి జారిన కొత్త సరుకుని మళ్ళీ సిలిండర్లోకి నెట్టేస్తుంది.

అర్థం కాలేదా? ఫస్ట్ డే ఫస్ట్ షో గేటు దగ్గర తొక్కిసలాట ఊహించుకోండి. హాలు నిండి, జనం గుమ్మం బయటికి తొణుకుతున్నారు. గేటు మూసే క్షణంలో గేట్ కీపరు వచ్చి బయటున్నవాళ్ళని ఒక్క తోపు తోసి తలుపేశాడు. సీట్లకి మించి జనం పట్టారు! కాడెన్ గొట్టం చేసే పని అదే. అయితే ఈ గేట్ కీపరు సమయానికి రావాలి. ముందొచ్చినా వెనకొచ్చినా లాభం లేదు. ఫలానా చుట్ల దగ్గర మాత్రమే సరిగ్గా వస్తాడు. అందుకే రేసు గొట్టం పెట్టిన టూ స్ట్రోక్ కింద చుట్లలో మూలుగుతుంది, పై చుట్లు అందుకోగానే పూనకం వచ్చినట్టు ఎగురుతుంది.

1961 నాటికి కాడెన్ తన 125 సీసీ ఇంజిను నుంచి 25 హార్స్ పవర్ రాబట్టాడు. లీటరుకి లెక్కేస్తే 200. మన ఆరెక్స్ లెక్క లీటరుకి 112. ఇక్కణ్ణించి కథ సినిమా అయిపోయింది. ఆ బండి తోలేవాడు ఎర్నెస్ట్ డెగ్నర్. ఆ ఏడు ప్రపంచ ఛాంపియన్ అయ్యే అవకాశం చేతికందేంత దూరంలో ఉంది. ఆగస్టులో బెర్లిన్ గోడ లేచింది. సెప్టెంబరులో స్వీడన్ రేసు. ఆ రేసులో డెగ్నర్ ఇంజిను చచ్చిపోయింది. ఛాంపియన్‌షిప్ పోయింది. ఆయన మళ్ళీ తూర్పు జర్మనీకి వెళ్ళలేదు. అదే సమయంలో ఆయన భార్యా పిల్లలూ కారు డిక్కీలో దాక్కుని సరిహద్దు దాటారు! డెగ్నర్ జపాన్ వెళ్ళి సుజుకీలో చేరాడు. కాడెన్ రహస్యాలు కూడా ఆయనతో పాటే వెళ్ళాయి. మరుసటి ఏడు 1962లో సుజుకీ 50 సీసీ బండి మీద ఆయనే ప్రపంచ ఛాంపియన్. టూ స్ట్రోక్ బండికి అదే మొట్టమొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్. 1963లో జపాన్‌లోని సుజుకా ట్రాక్ మీద పడి, మంటల్లో తీవ్రంగా కాలిపోయాడు. ఆ ట్రాక్ మీద ఆయన పేరుతో ఒక మలుపు నేటికీ ఉంది.

తూర్పు జర్మనీలో మిగిలిపోయిన కాడెన్‌కి దక్కిందేమిటి? పేరు పెద్దగా దక్కలేదు. ఇవ్వాళ మన నూజివీడు కుర్రాడు ‘సైలెన్సరు మార్పిస్తా’నంటున్నాడే, ఆ మార్పించే గొట్టంలో ఉన్నది మాత్రం కాడెన్ బుర్రే!

మామిడి తోటల మేస్త్రి

ఉత్తరం చూశాక ఊరుకోలేక నూజివీడు వెళ్ళాను. మే నెల. ఊరి పొలిమేర నుంచే రసాల వాసన. ట్రాక్టర్లు, మినీ లారీలు, ప్లాస్టిక్ ట్రేలు, ఎండుగడ్డి. ఆగిరిపల్లి రోడ్డు పొడుగునా తోటలే. ఆ కుర్రాడు నన్నొక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాడు. అరవై దాటిన మనిషి. ఊళ్ళో అందరికీ ఆయన ‘మేస్త్రిగారే’. పేరు వేయొద్దన్నారు, వేయను.

ఆయన అసలు వృత్తి మోటార్ సైకిళ్ళు కాదు. మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు! మామిడి పూతకొచ్చే రోజుల్లో తేనెమంచు పురుగు, బూడిద తెగులు పట్టకుండా మందు కొడతారు గదా, వీపుకి తగిలించుకునే ఆ స్ప్రేయర్లలో ఉండేది చిన్న టూ స్ట్రోక్ ఇంజినే. గంటల తరబడి ఐదారు వేల చుట్ల మీద ఫుల్లుగా తిరుగుతుంది. “ఈ చెవులు నలభై ఏళ్ళుగా ఆ చప్పుడే వింటున్నాయండి. ఇంజిను పట్టేయబోతుంటే ముందే తెలిసిపోద్ది. గొంతు బొంగురుపోద్ది” అన్నారాయన.

గోడకి ఒక పిస్టను మేకుకి తగిలించి ఉంది. నడినెత్తిన చిల్లు! “ఏమిటండీ ఇది?” అన్నాను.

“అదా? ఒకబ్బాయి సొంత తెలివితో గొట్టం మార్చాడు, గాలి ఫిల్టరు పీకేశాడు. జెట్టు మార్చలేదు. గాలెక్కువ, పెట్రోలు తక్కువ. వేడికి అల్యూమినియం కరిగిపోయింది. వచ్చిన ప్రతివాడికీ ముందది చూపిస్తా.”

బండి ఎలా తయారుచేస్తారో వరసగా చెప్పమన్నాను. ఆయన చెప్పిందీ, నేను చూసిందీ కలిపి రాస్తున్నాను.

ఆయన ముందు ఆకురాయి పట్టుకోరు. బ్రేకులు విప్పుతారు! ఆరెక్స్ 100కి రెండు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. “ఆగడం రానిదాన్ని పరిగెత్తించడం దేనికండీ?” అంటారు. తర్వాత క్రాంకు. పాత బండిలో బేరింగులు అరిగిపోయి, రబ్బరు సీళ్ళు ఎండిపోయి ఉంటాయి. సీలు కారితే దొంగగాలి లోపలికి పోతుంది, మిశ్రమం పల్చబడుతుంది, పిస్టను పట్టేస్తుంది. అంచేత బలం పెంచడానికి ముందే అవి కొత్తవి వేయాలి.

ఆ తర్వాత కొలతలు. క్రాంకు చివర డిగ్రీల పళ్ళెం బిగించి, పొగ దారి ఎన్ని డిగ్రీల దగ్గర తెరుచుకుంటుందో రాసుకుంటారు. ప్లగ్గు రంధ్రంలోంచి టంకం తీగ దూర్చి, ఇంజిను ఒకసారి చేత్తో తిప్పి బయటికి తీస్తారు. నలిగిన తీగ మందాన్ని కొలిస్తే పిస్టనుకీ హెడ్డుకీ మధ్య సందు ఎంతో తెలుస్తుంది. సుమారు ఒక మిల్లీమీటరు. మరీ తగ్గిస్తే పై చుట్లలో పిస్టను వెళ్ళి హెడ్డుకి గుద్దుకుంటుంది.

ఇప్పుడు ఆకురాయి. పొగ దారిని పైకి పెంచితే పై చుట్లలో బలం వస్తుంది, కింద చుట్లలో పోతుంది. అర మిల్లీమీటరు పెంచి ఆగుతారు. “తీసింది మళ్ళీ పెట్టలేం గదండీ” అన్నారు. అంచులు నున్నగా చేయకపోతే రింగు వెళ్ళి దానికి తగులుకుని విరుగుతుంది. ఆనక కార్బురేటర్‌కి పెద్ద జెట్టు. రేసు బండికి ఆయిల్ పంపుని నమ్మకుండా పెట్రోల్లోనే లెక్కగా కలుపుతారు.

చివరికి పరీక్ష. ఫుల్లు మీద కొంతదూరం తోలి, ఒక్కసారిగా ఇంజిను కట్టేసి ప్లగ్గు విప్పి చూస్తారు. కాఫీపొడి రంగు ఉంటే మంచిది. నల్లగా తడిగా ఉంటే పెట్రోలెక్కువ. తెల్లగా సున్నంలా ఉంటే... గోడ మీది పిస్టనుకి జోడీ తయారవుతోందన్నమాట!

“ఇంతా చేస్తే ఎంత పెరుగుతుందండీ?” అన్నాడు మన కుర్రాడు ఆత్రంగా.

“పెరుగుద్ది. కానీ ఒరే అబ్బాయ్, ఇది కాలేజీకి తోలుకెళ్ళే బండి కాదిహ. నాలుగు వేల చుట్ల లోపు దీనికి ప్రాణం ఉండదు. పావు మైలుకే పనికొస్తది. తోలేది ఎక్కడో చెప్పు ముందు.”

కుర్రాడు “ఊరవతల రోడ్డు...” అని నసిగాడు. మేస్త్రిగారు ఇంజిను మీద గోనెసంచి కప్పేసి, చేతులు తుడుచుకుని, “టీ తాగుదాం రండి” అని లేచారు. అదీ ఆయన జవాబు.

గీత దగ్గర ఏం జరుగుతుంది?

చాలామంది డ్రాగ్ రేసంటే యాక్సిలేటరు తిప్పి పట్టుకోవడమే ననుకుంటారు. కాదు. మొదటి ఇరవై మీటర్లలోనే సగం పందెం తేలిపోతుంది. రేసు గొట్టం ఉన్న ఇంజినుకి కింద చుట్లలో బలం లేదని చెప్పుకున్నాం గదా. అంచేత చుట్లు పైన నిలబెట్టి క్లచ్ వదలాలి. ఒక్కసారి వదిలేస్తే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. మరీ నెమ్మదిగా వదిలితే క్లచ్ ప్లేట్లు మాడతాయి. ఈ మధ్యస్థం చేతికి పట్టుబడటానికి నెలలు పడుతుంది. వెనక చక్రాన్ని పొడుగుపాటి స్వింగార్మ్‌తో వెనక్కి జరపడం, వెనక పళ్ళ చక్రం పెద్దది వేయడం, ఇవన్నీ ఆ మొదటి దూకుడు కోసమే.

ఇంకో తమాషా ఉంది. దీపం పచ్చబడ్డాక బండి కదిలేదాకా పట్టే సమయం వేరు, గీత నుంచి గీత దాకా పట్టే సమయం వేరు. నీ బండి 15 సెకన్లలో పోయినా, ఎదుటివాడిది 15.2 పట్టినా, నువ్వు దీపం చూసి అర సెకను ఆలస్యంగా కదిలితే గెలిచేది వాడే! బండి బలం మేస్త్రి ఇస్తాడు. ఆ అర సెకను మాత్రం తోలేవాడిదే.

తెలుగువాడి ట్రాక్ సంగతి

“ఇవన్నీ అమెరికాలో. మనకెక్కడున్నాయండీ చోట్లు?” అని అడగొచ్చు. తెలుగు సినిమా మద్రాసులో కాపురమున్న రోజుల్లోనే, ఆ మద్రాసుకి ఉత్తరాన షోలవరంలో రేసులు జరిగేవి. అదీ యుద్ధకాలపు రన్‌వేయే! 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళు ఏళ్ళ తరబడి అక్కడ పోటీలు పెట్టారు. 1990 నుంచి శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో సొంత ట్రాక్ వచ్చింది.

ఆ షోలవరం రోజుల్లో వెలిగిన పేర్లలో ఒకటి కరివర్ధన్. కోయంబత్తూరులో తరతరాలుగా స్థిరపడ్డ తెలుగు నాయుడు కుటుంబాల్లో ఒకటైన లక్ష్మీ మిల్స్ వారింటి బిడ్డ. 1954లో పుట్టాడు. డబ్బున్న ఇల్లు. విదేశీ కారు కొనుక్కుని తానొక్కడే తోలుకుని తృప్తిపడొచ్చు. అలా ఊరుకోలేదు. మారుతి 800లో ఉండే 796 సీసీ బుల్లి ఇంజిను తీసుకుని ఒక్కరు కూర్చునే రేసు కార్లు ఇక్కడే తయారుచేశాడు. వాటి పేరు ఫార్ములా మారుతి. మధ్యతరగతి కుర్రాళ్ళకి కూడా రేసు కారెక్కే దారి దొరికింది. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో 2003లో తెరిచిన కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదుగా వెలిసిందే. ఆయన బంధువర్గంలోని కుర్రాడే నారాయణ్ కార్తికేయన్. 2005లో ఫార్ములా వన్ తోలిన మొట్టమొదటి భారతీయుడు.

మోటార్ సైకిల్ డ్రాగ్ రేసులకి కూడా జాతీయ పోటీలు ఈమధ్య సంవత్సరాల్లో మద్రాసు ట్రాక్ మీదే జరిగాయి. వాటిలో టూ స్ట్రోకులకి వేరే తరగతులు పెట్టారు. 1996లో ఆరెక్స్ 100, 2005లో ఆరెక్స్ 135 తయారీ ఆగిపోయినా, పొగ నిబంధనలు వాటిని రోడ్ల మీద వెనక్కి నెట్టినా, గీత దగ్గర వాటికింకా పిలుపుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్లు పరిగెత్తాయి గుర్తుందా? వేగం ఉంది, చప్పుడే లేదు. ఆ చప్పుడు కావాలనుకునేవాళ్ళు పాత టూ స్ట్రోకుల్ని వెతికి వెతికి బాగుచేసుకుంటున్నారు.

తమ్ముడికి జవాబు

మొదటి ప్రశ్నకి జవాబు: కొట్టొచ్చు. బరువు తక్కువ, చుట్లు ఎక్కువ, చెయ్యి తిరిగిన మేస్త్రి, నిదానం తెలిసిన క్లచ్ వేళ్ళు ఉంటే పావు మైలులో వంద సీసీ బండి తనకన్నా పెద్దవాటికి చెమటలు పట్టిస్తుంది.

రెండో ప్రశ్న. గంటకి 120 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 33 మీటర్లు. మే నెలలో మీ ఊరి రోడ్డు నువ్వే చూపించావు గదా. తోటలోంచి ట్రాక్టరు ట్రేలతో అడ్డంగా రోడ్డెక్కుతుంది. వెనక లైటు వెలగదు. తోలేవాడు నీ వంక చూడడు, చూసినా నీ వేగం అంచనా కట్టలేడు. నువ్వు చూసి, గుండె గుభేలుమని, బ్రేకు మీద కాలేసే లోపల ఒక సెకను పోతుంది. 33 మీటర్లు! ఆ తర్వాతనే నీ డ్రమ్ము బ్రేకుల పని మొదలు. ట్రాక్ మీదైతే గీత దాటాక ఆగడానికి ఖాళీ దారి ఉంటుంది, అంబులెన్సు ఉంటుంది, అడ్డంగా వచ్చేవాడుండడు. రోడ్డు మీద ఉండేది ఆ ట్రాక్టరు మీద కూర్చున్న కూలీలు. వాళ్ళు నీ పందెంలో డబ్బు కట్టలేదు.

చట్టం సంగతి కూడా చెప్పేస్తాను. అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం వేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను. 2019 సవరణ తర్వాత మొదటిసారికి మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారికి ఏడాది, పదివేలు. కానీ తమ్ముడూ, నేను భయపడేది ఆ అయిదు వేలకి కాదు.

‘అమెరికన్ గ్రాఫిటీ’ చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆ తెల్లవారుజాము పందెంలో నల్ల షెవర్లే పల్టీ కొట్టి తగలబడుతుంది. తోలినవాడు బతుకుతాడు. మిల్నర్ గెలిచాడని ఊరంతా అంటుంది గానీ, తాను ఓడిపోతున్నానని మిల్నర్‌కి తెలుసు. సినిమా అయిపోయాక చివర్లో నాలుగు బొమ్మలు, నాలుగు వాక్యాలు వేస్తారు. మిల్నర్ బొమ్మ కింద ఉన్న సంగతేమిటంటే, 1964లో తాగి కారు నడిపిన ఎవడో గుద్ది చంపేశాడని. ఊళ్ళో అందరికన్నా బాగా తోలేవాడు! రోడ్డు మీద ఎదుటివాడు ఎలా తోలుతాడన్నది వాడి చేతిలో కూడా లేకపోయింది.

అంచేత చెప్పేదేమిటంటే... బాబాయి బండి బాగుచేయించు. బ్రేకులతో మొదలుపెట్టు. మేస్త్రిగారి పక్కన కూర్చుని ప్రతి బోల్టూ నువ్వే విప్పు, నువ్వే బిగించు. లైసెన్సు, హెల్మెట్, తోలు జాకెట్టు సమకూర్చుకో. పోటీల ప్రకటన వచ్చినప్పుడు బండిని మినీ లారీ ఎక్కించి ట్రాక్‌కి తీసుకెళ్ళు. మామిడికాయలు మద్రాసు వెళ్ళిన లారీ ఏదో ఒకటి దొరక్కపోదు! గోనెసంచి తీయమని నేను మేస్త్రిగారికి ఫోను చేసి చెబుతాను. ఆయన ఒక షరతు పెట్టారు: మొదటి పరుగుకి ఆయన కూడా వస్తారట. అంత దూరం ప్రయాణం ఆయనకి ఇష్టమే గానీ, కిటికీ సీటు కావాలన్నారు.

వెళ్ళొచ్చాక ఎన్ని సెకన్లొచ్చాయో ఉత్తరం రాయి. ఈ పేజీలోనే వేస్తాను. ఉంటాను మరి!